లైన్లో ఉన్న మేడమ్

శ్రవణ్‌కుమార్‌కు పని నేర్పడమంటే మాటలు చెప్పడం కాదనీ, చెప్పిన మాటలను ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకోవడమనీ రాగసుధకు తెలుసు. ఆమె వృత్తే అది. బుద్ధి ఎదగలేదని బడులూ బంధువులూ పక్కన పెట్టిన యువకులకు ఏదో ఒక దుకాణంలోనో కార్ఖానాలోనో కొలువు చూడాలి. తొలి రోజుల్లో పక్కనే నిలబడి పని చేయించాలి. ఆ తరువాత, తన అవసరం వాళ్ళకు పూర్తిగా తీరిపోయేదాకా, కొంచెం కొంచెంగా తప్పుకోవాలి. మలక్‌పేటలోని ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ ఆ పనికి ఆమెకు జీతమిచ్చేది.

శ్రవణ్‌కుమార్‌కు ఆమె చూసిన కొలువు శాలిబండలో, రామ్‌చందర్ సేటు కిరాణా టోకు దుకాణంలో. తరతరాలుగా ఆ వీధిలోనే వ్యాపారం చేస్తున్న కుటుంబం అది. దుకాణం వెనక ఉన్న పాత గచ్చుగదిలో పసుపు పొట్లాలు తయారవుతాయి. ప్లాస్టిక్ సంచి మూతి విప్పాలి. రేకుడబ్బాతో పసుపు పోయాలి. కాంటా మీద పెట్టి ముల్లు ఎర్రగీత మీదికి వచ్చేదాకా చూడాలి. మూతి సమంగా పట్టుకుని సీలింగ్ మిషన్ కింద ఉంచి పెడల్ తొక్కాలి. మిషన్ మీది చిన్న దీపం ఆరాక తీసి అట్టపెట్టెలో పేర్చాలి. శ్రవణ్‌కుమార్ చేతులు చురుకైనవే. చిక్కల్లా, ఒకటి ముగిశాక ఇంకొకటి ఉన్నదని అతనికి ఎవరైనా గుర్తుచేయాలి.

అందుకు ఒక పద్ధతి ఉంది. మొదట పూర్తి వాక్యం చెప్పాలి: "కాంటా మీద పెట్టి ముల్లు చూసుకో నాయనా." కొన్నాళ్ళకు "కాంటా" అన్న ఒక్క మాటతో పని జరగాలి. మరి కొన్నాళ్ళకు ఒక దగ్గు. ఆ తరువాత ఏమీ అనకుండా ఊరుకోవాలి. అప్పుడు ముల్లే అతనికి చెప్పాలి, ఆరిన దీపమే చెప్పాలి. మనిషి గొంతులో ఉన్న ఆజ్ఞ గదిలోని వస్తువుల్లోకి దిగాలి.

ఇంకా పూర్తి వాక్యాలే నడుస్తుండగా, జల్‌పల్లిలోని తన ఇంటి మెట్ల మీద జారిపడి రాగసుధ తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషను చేసి పంపిన డాక్టరు నెలల తరబడి మంచం దిగవద్దన్నాడు. ఆమె బదులు పంపడానికి సంస్థలో మరో మనిషి లేరు. మొబైల్‌కు వచ్చే ఫోన్లకు కంపెనీలు డబ్బు తీసుకోవడం మానేసిన ఏడాది అది. సంస్థ తన దగ్గరున్న పాత మొబైల్ ఒకటి శ్రవణ్‌కుమార్‌కు ఇచ్చి, దాని వైరు చెవిలో పెట్టుకోవడం నేర్పింది. రాగసుధ మంచం పక్కన ఇంటి ఫోను ఉంది. ఇక నుంచి పని దాని మీదనే.

రామ్‌చందర్ సేటుకు ఇది వింతగా తోచింది. "ఫోన్ల చెప్తె చేస్తడా మేడమ్? మా హమాలోల్లు ముంగట నిలవడి మొత్తుకున్నా ఇనరు," అన్నాడు. తరువాత కొంచెం మెత్తబడ్డాడు. "సరే, దీపావళి దాంక చూస్త. మా ఇంట్ల కొత్త మనిషిని ఖాయం జేసేది లచ్మిపూజ నాడే. గప్పటికి ఫోన్ లేకుండ సొంతంగ చెయ్యాలె. చెవుల వైరు పెట్టుకున్నోన్ని ఖాయం జెయ్య. గిది దుకాణం, దవాఖాన గాదు."

శ్రవణ్‌కుమార్ తల్లి నాగమణమ్మ ఫలక్‌నుమాలో ఒక్క గదిలో ఉంటుంది. హాస్టల్లో వంట పనికి వెళుతుంది. ఆమె రాగసుధతో వేరే మాట చెప్పింది. "నేను పనికి పోయెటప్పుడు వాన్ని లోపల ఉంచి తాళమేసి పోయేదాన్ని మేడమ్. తాళం తిప్పుతుంటె తలుపెనకకెల్లి 'అమ్మా, ఎప్పుడొస్తవే' అనెటోడు. పొద్దుగూకి వచ్చెదాంక గా తలుపు కాడనే కూసుండెటోడు. మల్ల గా తాళం నా చేతికి రానియ్యకుండ్రి. మీ కాల్మొక్త."

రాగసుధ ప్రతి ఉదయం ఫోను కలిపి రోజంతా లైన్లో ఉండేది. చూడలేని గదిని వినడం అలవాటయింది. సంచి మూతి విప్పిన చిరుశబ్దం, రేకుడబ్బా అంచు తగిలిన చప్పుడు, పెడల్ కిర్రుమనడం, వీటిని బట్టి అతని చేతులు ఎక్కడున్నాయో చెప్పగలిగేది. అప్పుడప్పుడు హమాలీ బీరయ్య బస్తా దించి వెనకగదిలో ఊపిరి తీసుకునేవాడు.

"శ్రవణూ, నీ చెవుల ఉన్నది పెండ్లామా, అత్తనా? పొద్దుగాలకెల్లి గునుస్తనే ఉన్నది," అనేవాడు.

"మేడమ్ బీరన్నా. నీకు చెప్పెటోల్లు లేకనే నువ్వు గిట్లయినవ్."

"అరే, నోరు చూడు వీనిది! ఆంధ్ర మేడమ్ దగ్గర మస్తు హుషారయినవ్ రా నువ్వు."

"నాయనా అను అన్నా. మేడమ్ నాయనా అంటది. నువ్వు అరే అంటవ్."

ఆ గొడవలు వింటూ రాగసుధ మంచం మీద ఒక్కతే నవ్వుకునేది. చవితి పందిళ్ళు తీసేనాటికి వాక్యాలు మాటలయ్యాయి. బతుకమ్మ పాటలు మొదలయ్యేనాటికి మాటలు దగ్గులయ్యాయి. దసరా దాటాక ఆమె రిసీవరు చెవికి ఆన్చుకుని మౌనంగా వినడమే మిగిలింది.

ఒక్క మాట మాత్రం ఆమె వదలలేదు. పొద్దుగూకే వేళకు "చాలు నాయనా, ఇంటికి వెళ్ళు," అనేది. అతను చేతులు దులుపుకుని లేచేవాడు. ఆ మాటను కూడా గదికే అప్పగించవలసింది. సంధ్యవేళ సేటు గల్లాపెట్టె దగ్గర దీపం ముట్టించి అగరుబత్తి వెలిగిస్తాడు, ఆ వాసన వెనకగది దాకా వస్తుంది. వాసన రాగానే లేవాలని నేర్పడం కష్టమేమీ కాదు. రేపు నేర్పుదాం, ఎల్లుండి నేర్పుదాం అనుకుంటూ ఆమె నేర్పలేదు. మంచం మీద గడిచే పొడుగాటి పగటి చివర, ఒక మనిషి తన మాట కోసం ఎదురుచూస్తూ ఉన్నాడన్న ఆ కాస్త క్షణాన్ని వదులుకోవడానికి మనసు రాలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె నిశ్శబ్దంగా వింటూ ఉంది. రేకుడబ్బా చప్పుడైంది. ఆ వెంటనే శ్రవణ్‌కుమార్ "సరే మేడమ్" అన్నాడు.

"ఎవరితో అన్నావు నాయనా?"

"మీతోనే."

"నేనేమీ అనలేదే."

"అన్నరు. కాంటా మీద పెట్టి ముల్లు చూసుకో నాయనా అన్నరు. చూసుకున్న."

రాగసుధకు భయం వేయలేదు, సంతోషం కలిగింది. నేర్పినవాడి గొంతు కొన్నాళ్ళకు నేర్చుకున్నవాడి లోపల నిలిచి పలుకుతుందని ఆమె చదువుకున్న రోజుల్లో పుస్తకాల్లో చూసింది. అది ఇంత తొందరగా జరుగుతుందని అనుకోలేదు. ఆ సాయంత్రం తల్లి కామేశ్వరమ్మను పిలిచి అదే చెప్పింది. కామేశ్వరమ్మకు ఆ పుస్తకాల సంగతి పట్టలేదు. కాఫీ గ్లాసు చేతికిచ్చి, "నీ గొంతు నీ దగ్గర ఉంటేనే మంచిదే," అని వెళ్ళిపోయింది.

రెండు రోజుల తరువాత రాగసుధ స్పాంజి స్నానానికి మంచం అంచుకు జరుగుతూ, రిసీవరు తల్లి చేతికిచ్చి, శ్రవణ్ ఏమైనా అడిగితే చెప్పమంది. కామేశ్వరమ్మ దాన్ని చెవి దగ్గర పెట్టుకుంది. కొంచెంసేపు విన్నది. కూతురి మూసి ఉన్న పెదవుల వైపు చూసింది. మళ్ళీ విన్నది.

"సుధా, నువ్విక్కడ నోరు మూసుకుని ఉన్నావు కదే. మరి ఫోన్లో 'మూతి సమంగా పట్టుకో' అంటున్నదెవరు?"

రాగసుధ రిసీవరు లాక్కుంది. లైన్లో ఫ్యాను హోరు, పెడల్ కిర్రు తప్ప ఏమీ లేదు. అతను తన మాటలనే తాను వల్లె వేసుకుంటూ ఉంటాడనీ, ఫోనులో గొంతులు గుర్తుపట్టడం అమ్మకు చేతకాదనీ ఆమె తనకు తానే చెప్పుకుంది. వల్లె వేసుకోవడం కూడా పుస్తకాల్లో ఉన్నదే.

ఆ తరువాతి వారం జల్‌పల్లి రోడ్డు తవ్వకాల్లో కేబుల్ తెగి, కాలనీ మొత్తానికి ఫోన్లు పోయాయి. బాగయ్యేసరికి చాలా రోజులు పట్టింది. ఆ రోజులన్నీ రాగసుధ కాలుగాలిన పిల్లిలా ఉంది. దీపావళి దగ్గరపడుతోంది. తన మాట లేక శ్రవణ్‌కుమార్ ఎక్కడో ఒకచోట ఆగిపోయి ఉంటాడనీ, సేటు ఈపాటికే అతన్ని ఇంటికి పంపేసి ఉంటాడనీ, నాగమణమ్మ పాత తాళం బయటికి తీసి దుమ్ము దులుపుతూ ఉంటుందనీ ఊహించుకుంది. లైను రాగానే ముందు అతని మొబైలుకే చేసింది.

ఎంగేజ్ చప్పుడు వచ్చింది.

కాసేపాగి మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. ఆ నంబరు ఆమెకూ సంస్థకూ తప్ప ఎవరికీ తెలియదు. సంస్థకు ఫోను చేసి అడిగితే తామెవరమూ చేయలేదన్నారు. చివరికి దుకాణం ఫోనుకు చేసింది. రామ్‌చందర్ సేటు ఎత్తాడు.

"గిదేంది మేడమ్, ఒక్క చెవికి చాలలేదా? గటు గూడ మీరే, గిటు గూడ మీరేనా?"

"అటు ఎక్కడండీ?"

"పోరని ఫోన్లనే మేడమ్! వారం సంది పొద్దంత మాట్లాడుతనే ఉన్నరు గదా. వాని పక్కకెల్లి పోతె మాకు గూడ ఇనవడ్తుంది. మస్తు పని చేస్తుండు మేడమ్, ఒక్క పొట్లం గూడ లీకు లేదు. గని మీ గొంతే జర అరిగిపోయినట్టున్నది. శొంఠి నోట్లె ఏస్కోండ్రి."

రాగసుధ సాయంత్రం అతన్ని ఇంటికి పంపుతున్నది ఎవరని అడిగింది.

"నేనే ఎల్లగొడ్తున్న. పొద్దుగూకినంక గూడ లేస్తలేడు. భుజం పట్టుకొని బయటికి తీస్కపోయి, షట్టర్ గుంజుతున్న. గప్పుడు గూడ ఆడనే నిలవడ్తడు. బీరయ్య బస్సెక్కిచ్చి వస్తుండు."

అతన్ని ఒకసారి పిలవమంది. సేటు రిసీవరును వైరు సాగినంత దూరం తీసుకువెళ్ళి శ్రవణ్‌కుమార్‌కు ఇచ్చాడు.

"హలో, ఎవరు?"

"నేను నాయనా, రాగసుధను."

"అబద్ధం," అన్నాడు శ్రవణ్‌కుమార్. "మేడమ్ లైన్ల ఉన్నది."

"నేనే మేడమ్‌ని నాయనా."

"ఆమె గూడ నాయనా అనే అంటది," అని అతను ఫోను పెట్టేశాడు.

అప్పుడే సేటుకు ఉన్నదున్నట్టు చెప్పి ఉండవచ్చు. చెబితే ఏమవుతుందో కూడా రాగసుధకు తెలుసు. ఎవరూ లేని ఫోనుతో మాట్లాడే మనిషిని ఏ వ్యాపారీ పనిలో ఉంచుకోడు. లక్ష్మీపూజకు ఇంకా కొద్ది రోజులే ఉంది. పొట్లాలు సరిగానే వస్తున్నాయి. పండగ దాకా ఇలా గడిస్తే చాలు, ఖాయమయ్యాక నెమ్మదిగా సరిచేయవచ్చు. ఇలా అనుకుని ఆమె ఊరుకుంది. కానీ రోజూ ఒకసారి ఆ నంబరు నొక్కి, ఎంగేజ్ చప్పుడు విని పెట్టేసేది.

పండగకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం వాలాక, నాగమణమ్మ ఫోను చేసింది. శాలిబండలోని ఎస్టీడీ బూత్ నుంచి. ఆయాసపడుతోంది.

"మేడమ్, శ్రవణ్ ఇంటికి రాలే. ఇయ్యాల దుకాణాలు బందున్నయని ఎవరో అంటె ఉరికొచ్చిన. గీ వీధిల పెద్ద సేటు ఒకాయన పొద్దుగాల సచ్చిపోయిండట. అందరు షట్టర్లు దించి శవం ఎంట పోయిండ్రు."

ఆ వరుసలో అది పాత రివాజు. ఏ దుకాణదారు చనిపోయినా మిగతావాళ్ళు కరెంటు మెయిన్ కట్టేసి, షట్టరు దించి, పాడె వెంట పురానాపూల్ శ్మశానం దాకా నడుస్తారు. అవతల స్నానాలు చేసి వచ్చేసరికి పొద్దు వాలుతుంది.

"మరి శ్రవణ్ ఎక్కడున్నాడు?"

"లోపలనే ఉన్నట్టున్నడు మేడమ్. షట్టరుకు చెవి పెట్టి విన్న. లోపల మీ గొంతు ఇనవడ్తుంది." నాగమణమ్మ మాట ఈసారి నెమ్మదిగా వచ్చింది. "మీరు లోపల వాని కాడ ఉన్నరనుకొని, పిలిచి పిలిచి, పలుకుత లేరని, మీ అమ్మను అడుగుదామని మీ ఇంటికి ఫోన్ జేసిన. మరి మీరు ఇంట్ల ఉంటె గీడ లోపల ఎవరు మేడమ్?"

రాగసుధ ఆటో పిలిపించింది. కామేశ్వరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి, "డాక్టరు వాకరుతో వాకిలి దాకానే అన్నాడే! ఊళ్ళు తిరగమన్నాడా?" అని అరిచింది. తరువాత తానే పక్కకు జరిగి కూతురి కాళ్ళకు చెప్పులు తొడిగింది. ఎర్రకుంట, చాంద్రాయణగుట్ట, అలియాబాద్. ప్రతి గుంటకూ తుంటిలో నొప్పి మెరుపులా మెరిసింది. దారి పొడుగునా ఆమె ఒకే విషయం ఆలోచించింది. తాను మాటలన్నీ వదులుకుంది, "చాలు" ఒక్కటే దాచుకుంది. ఆ గదిలో ఇవాళ దీపం వెలిగించేవారు లేరు, భుజం పట్టుకుని లేపేవారు లేరు.

దుకాణం ముందు నాగమణమ్మ షట్టరుకు ఆనుకుని కూర్చుని ఉంది. బీరయ్య తడిజుట్టుతో, భుజాన తడి తువ్వాలుతో అప్పుడే వచ్చాడు. నాగమణమ్మ కబురు అందితే సేటు పక్కసందు తలుపు తాళంచెవి ఇచ్చి పంపాడట.

"నడువ్‌రా అంటె, మేడమ్ చెప్పలే అన్నడు," అన్నాడు బీరయ్య తాళం తిప్పుతూ. "రోజు అనే మాటనే గదా అనుకున్న. సందు తలుపుకెల్లి ఎల్లిపోతడనుకున్న మేడమ్. నేను లోపల ఏసి పోలే, ఒట్టు. ఎనుకొచ్చినోడెవడో తాళమేసిండు."

లోపల పైకప్పులోని గాజుపెంకు గుండా పడిన కొద్దిపాటి వెలుతురు పసుపు ధూళిలో నిలబడి ఉంది. ఫ్యాను ఆగిపోయింది. గోడలూ నేలా బస్తాలూ ఒకే రంగులో ఉన్నాయి. ఆ రంగులో శ్రవణ్‌కుమార్ కదులుతున్నాడు. సంచి మూతి విప్పాడు. ఖాళీ బస్తాలో రేకుడబ్బా ముంచి, ఏమీ లేని డబ్బాను సంచిలోకి వంచాడు. ఖాళీ సంచిని కాంటా మీద పెట్టాడు. ముల్లు కదలలేదు. అయినా తల ఊపి, "సరే మేడమ్" అని తీశాడు. చల్లారిన మిషన్ కింద పెట్టి పెడల్ తొక్కాడు. అట్టపెట్టెలో పేర్చాడు. అతని చుట్టూ మూతులు తెరుచుకున్న ఖాళీ సంచులు మోకాళ్ళ ఎత్తున పేరుకున్నాయి. పసుపు అంటిన చెంపల మీద కన్నీటి చారలు రెండు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

"శ్రవణ్!" అంది రాగసుధ.

అతను తలెత్తి చూశాడు. గుర్తుపట్టాడు. మొహం ఒక్క క్షణం వెలిగింది. చేతులు మాత్రం ఆగలేదు.

"మేడమ్, వచ్చిన్రా? నాకు ఆకలైతుంది మేడమ్. గీమెకు చెప్పుండ్రి."

"చాలు నాయనా. ఇంటికి వెళ్ళు."

అతను ఇంకో సంచి విప్పాడు. "మీరు చెప్తె ఎట్ల? మీరు బయట ఉన్నరు. మేడమ్ చెవుల ఉంటది."

నాగమణమ్మ కొడుకు చేతులు పట్టుకుంది. అతను విడిపించుకుని రేకుడబ్బా అందుకున్నాడు. బీరయ్య వెనక నుంచి వచ్చి చెవిలోని వైరు ఒక్క గుంజు గుంజాడు. శ్రవణ్‌కుమార్ ఉలిక్కిపడి, తల పక్కకు వంచి, వింటున్నట్టుగా నిలబడ్డాడు. మళ్ళీ డబ్బా ముంచాడు.

"తీసినా చెప్తనే ఉన్నది బీరన్నా," అన్నాడు ఏడుపు గొంతుతో.

బీరయ్య ఫోనును రాగసుధ చేతిలో పెట్టి వెనక్కి జరిగాడు. దాని అద్దం మీద వెలుతురు లేదు. ఏ మీట నొక్కినా వెలగలేదు. బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. రాగసుధ వాకరుకు ఆనుకుని, ఆ వైరును తన చెవిలో పెట్టుకుంది.

తన గొంతే. నీళ్ళు తాగక, నిద్రపోక, ఎక్కడా ఆగక ఎండిపోయిన గొంతు. సంచి మూతి విప్పు నాయనా. పసుపు పొయ్యి నాయనా. కాంటా మీద పెట్టి ముల్లు చూసుకో నాయనా. ముల్లు సరిగా ఉంది, తీసెయ్యి. ఆ గొంతుకు కళ్ళు లేవు. ఎక్కడో పడుకుని చప్పుళ్ళు వింటూ పలుకుతోంది. మాటలు తాను చెప్పిన వరుసలోనే, చెప్పిన తీరులోనే ఉన్నాయి. వాటి మధ్య తన దగ్గులు కూడా ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకున్నాననుకున్న మాటలు తన దగ్గరికి రాలేదు. అన్నీ ఇక్కడికి వచ్చి చేరాయి.

రాకుండా మిగిలినది ఒక్కటే. ఆ మాట లేక ఈ గొంతు కూడా ఆగలేకపోతోందని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఎవరైనా చెప్పేదాకా ఆగకూడదని దీనికీ ఎవరో నేర్పారు.

ఆమె వైరు మధ్యనున్న చిన్న మైకును పెదవులకు దగ్గరగా తెచ్చుకుంది.

"చాలు," అంది.

గొంతు మాట మధ్యలో తెగింది. ఊపిరి వినిపించింది.

"చాలా?" అని అడిగింది, చిన్నపిల్లలా.

"చాలు. ఇంటికి వెళ్ళు."

"సరే మేడమ్."

శ్రవణ్‌కుమార్ చేతిలోని డబ్బా నేల మీద పడింది. అతను తన చేతులను తిప్పి తిప్పి చూసుకున్నాడు. తల్లి వైపు తిరిగి, "అమ్మా, పోదామే," అన్నాడు. నాగమణమ్మ అతని మొహాన్ని కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది.

బీరయ్య ఫోనును తడి తువ్వాలులో చుట్టాడు. దాని వైపు చూడకుండానే మాట్లాడాడు. "సేటు అడిగితె, పోరడు లోపల నిద్రపోయిండని చెప్త. ఖాళీ సంచులు నేను సాఫ్ జేస్త. మీరు గూడ గంతే చెప్పుండ్రి మేడమ్." అవతల వాకిట్లో ఆమెను ఆటో ఎక్కిస్తూ, "నాకు చెప్పెటోల్లు లేరని ఎక్కిరించెటోడు. లేకుంటెనే నయం," అన్నాడు. నవ్వడానికి చూశాడు కానీ నవ్వు రాలేదు.

ఇంటికి చేరేసరికి వీధిదీపాలు వెలిగాయి. కామేశ్వరమ్మ తలుపు తీసి, కూతురిని పైనుంచి కిందిదాకా చూసి, ఆశ్చర్యపోయింది.

"మళ్ళీ ఎప్పుడు బయటికి వెళ్ళావే? ఇందాకనగా వచ్చావు, గదిలోంచి మంచినీళ్ళడిగావు. గొంతంతా పిడచకట్టుకుపోయి ఉంటే రెండు గ్లాసులు తెచ్చాను కదా."

"ఎవరికిచ్చావమ్మా?"

"దీపం వెయ్యొద్దన్నావు. మంచం పక్క బల్ల మీద పెట్టాను." ఆమె కూతురి భుజం మీదుగా ఆటో వైపూ, వెనక్కి తిరిగి గది వైపూ చూసింది.

బల్ల మీద గ్లాసులు రెండూ ఖాళీగా ఉన్నాయి. దుప్పటి మీద, మనిషి కూర్చుని లేచినట్టు, మెత్తగా గుంట పడి ఉంది.

మర్నాడు రాగసుధ సేటుకు ఫోను చేసి, శ్రవణ్‌కు ఇక వైరు అవసరం లేదనీ, సంధ్యాదీపం పెట్టాక ఆ అగరుబత్తి పుల్ల ఒకటి అతని చేతికిచ్చి వెనకగదిలో గుచ్చమనాలనీ, అది గుచ్చితే ఆ రోజు పని అయిపోయినట్టని అతనికి చెప్పాలనీ కోరింది. సేటు ఒప్పుకున్నాడు. మిగతావన్నీ కాంటా ముల్లూ, మిషన్ మీది దీపమూ చెబుతాయి. ఆ రోజూ, ఆ తరువాతి రోజూ ఆమె ఎక్కువ మాట్లాడలేదు. తల్లితో కూడా సైగలతోనే గడిపింది. అయినా వంటింట్లో ఉన్న కామేశ్వరమ్మ అప్పుడప్పుడు "ఆఁ, వస్తున్నా," అని గదిలోకి వచ్చి, పెదవులు బిగించుకుని ఉన్న కూతురిని చూసి, చీర చెంగు నలుపుకుంటూ వెనక్కి పోయేది.

దీపావళి నాడు లక్ష్మీపూజ ముగిశాక రామ్‌చందర్ సేటు ఫోను చేశాడు. వెనకాల టపాకాయలు పేలుతున్నాయి, బీరయ్య ఎవరినో మిఠాయి విషయంలో ఆటపట్టిస్తున్నాడు, శ్రవణ్‌కుమార్ గట్టిగా నవ్వుతున్నాడు.

"ఖాయం జేసిన మేడమ్!" అన్నాడు సేటు. "ఫోన్ లేదు, వైరు లేదు. పొద్దుగాలకెల్లి ఒక్కడే చేసిండు. పుల్ల గుచ్చి, చేతులు కడుక్కొని, నా ముంగట నిలవడి 'పోతున్న సేటూ' అన్నడు. వాల్లమ్మ ఏడుస్తున్నది, ఆపుత లేదు. మీరు గూడ ఏమన్న అనుండ్రి."

రాగసుధ గొంతు సవరించుకుని నోరు తెరిచింది. ఆమె మాట బయటికి రాకముందే, వెనక, మంచం అవతలి చీకటిలో నుంచి ఆమె గొంతు పలికింది. ఇప్పుడది ఎండిపోయి లేదు. బాగా విశ్రాంతి తీసుకున్న గొంతు.

"చాలా సంతోషం సేటుగారూ."

"మీ దయ మేడమ్. గిసొంటి పోరడు ఇంకొకడు ఉంటె తోలుండ్రి. మిర్చి పొడి ప్యాకింగు గూడ పెడ్తున్న."

రాగసుధ అరచేత్తో రిసీవరు నోటిని గట్టిగా మూసింది.

"ఉన్నాడండీ. సోమవారం నుంచి పంపుతాను," అంది ఆ గొంతు ఆమె చెవి పక్కనే. "నేను లైన్లో ఉంటాను."

"అచ్ఛా మేడమ్, గట్లనే గానియ్యుండ్రి," అన్నాడు సేటు.